రాగికీ ఇనుముకూ మధ్య మా జేజి

పాతసామాన్లు కొనే మనిషి మెడలో ఒక అయస్కాంతం వేలాడుతోంది. దాన్ని పురికొసకు కట్టి, డాక్టర్లు గొట్టం వేసుకున్నట్టు వేసుకున్నాడు. ధర్మవరంలో మా నాయన రంగుల షెడ్డు పడగొట్టే ముందురోజు మా తమ్ముడి కొడుకు మధు అతన్ని రమ్మన్నాడు, నన్నూ రమ్మన్నాడు. ఇద్దరిలో అతనే ముందు వచ్చాడు. నేను అనంతపురం బస్సు దిగి, ఆటోలో పదిమంది మధ్య పదకొండో మనిషిగా ఇరుక్కుని చేరేసరికి, అతను గోడకు ఆనించిన రెండు కొప్పెరల ముందు గొంతుకూర్చుని పరీక్ష మొదలుపెట్టేశాడు. కొప్పెరలంటే పట్టుకు రంగు అద్దడానికి నీళ్ళు మరగకాచే పెద్ద పాత్రలు. ఒకటి రాగిది, లోపల చిన్న పిల్లను కూర్చోబెట్టి తలంటు పోయవచ్చు. నాకు పోశారు కూడా. రెండోది ఇనుముది, దానిలో సగం ఉంటుంది.

అతను రాగి కొప్పెరకు అయస్కాంతం ఆనించాడు. అది అంటుకోకుండా జారిపోయింది. అతని ముఖం విచ్చుకుంది. తర్వాత ఇనప కొప్పెరకు ఆనించాడు. ఠక్కున అంటుకుంది. పిలవని చుట్టం భుజం మీద చెయ్యి వేసినట్టు ముఖం పెట్టాడు.

"రాగిది తీసుకుంటానన్నా. ఇది ఉత్త తుప్పు. పైసాకు పనికిరాదు. ఊరికే ఇచ్చినా మోసుకుపోలేను."

"దాన్ని నీకెవురు ఇస్తాండారు?" అన్నాడు మధు. "అది మా అత్తది. తాత పోయే ముందు చెప్పినాడు, ఏది అమ్మినా ఆ ఇనప కొప్పెర మాత్రం అత్తకే ఇయ్యమని."

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని. మా నాయన నాకు వదిలివెళ్ళిన ఆస్తి ఒక తుప్పు పట్టిన ఇనుము అని తెలిస్తే ఆశ్చర్యపోవాలి. పోలేదు. కొంచెం గతుక్కుమన్నాను, అంతే. ఎందుకంటే ఆ కొప్పెర సంగతి పూర్తిగా భూమ్మీద ఇద్దరికే తెలుసునని అప్పటిదాకా అనుకుంటున్నాను. ఒకరు మా జేజి, ఆమె పోయి చాలాకాలమైంది. రెండోదాన్ని నేను.

మా ఇంట్లో పొద్దు పొయ్యితోనే పొడిచేది. వేరుశనక్కాయల పొట్టు బస్తాలకు బస్తాలు షెడ్డు వెనక పడి ఉండేది. దాన్ని పిడికిళ్ళతో విసిరితే పొయ్యి భగ్గుమని, మరుక్షణం అలిగినట్టు ఆగిపోయేది. కాబట్టి పొయ్యి దగ్గర ఎవరో ఒకరు కూర్చుని విసురుతూనే ఉండాలి. ముందు పచ్చి పట్టును సబ్బూ సోడా వేసి ఉడకబెట్టేవాళ్ళు. ఆ వాసన గురించి నేను ఎక్కువ చెప్పను. మా ఇంటికి సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు టిఫిను తినకుండా వెళ్ళిపోయిన సందర్భాలున్నాయని మాత్రం చెబుతాను. ఉడికిన పట్టుదారం చుట్టల్ని, అంటే చిలపల్ని, వెదురు కర్రలకు తగిలించి రంగు నీళ్ళలో దించి, తిప్పి, ఎత్తి, మళ్ళీ దించి, మా నాయన రోజంతా అదే పని. ఆయన చేతులు మోచేతి దాకా ఏదో ఒక రంగులో ఉండేవి. మా ఊరి మగ్గాలవాళ్ళు ఆయన చేతులు చూసి ఈ వారం ఎవరింట్లో ఏ చీర దిగుతుందో చెప్పేవాళ్ళు.

నీళ్ళ సంగతి మరొకటి. మా జిల్లాలో వాన పెళ్ళిపత్రికలో ముఖ్య అతిథి లాంటిది. పేరు ఉంటుంది, మనిషి రాడు. బోరు నీళ్ళలో ఎర్రరంగు దిగదని జేజి నమ్మకం. అందుకని కురిసిన నాలుగు చినుకుల్నీ ఇంటి చూరు కింద కడవల్లో పట్టి, మూతలకు గుడ్డలు కట్టి, వాటిని దేవుడి సొమ్ములాగా కాపాడేది. ఒకసారి వేసవిలో నేను ఆ నీళ్ళు చెంబెడు తాగాను. జేజి ఏమీ అనలేదు. వచ్చినవాళ్ళందరికీ మాత్రం "మా పాప ఒక చీర రంగు తాగేసినాది" అని చెప్పింది. ఆ మాట నా పెళ్ళి దాకా నడిచింది.

జేజి మా నాయన తల్లి. రంగుల షెడ్డుకు పేరు మా నాయనది, పెత్తనం ఆమెది. ఆమెకో చెక్కపెట్టె ఉండేది. అందులో పొట్లాలు: నీలంగా మెరిసే మైలుతుత్తం, పచ్చగా మొదలై గాలి తగిలితే తుప్పురంగుకు తిరిగే అన్నభేది, పటిక, కరక్కాయలు. చదవడం రాదు. పొట్లం విప్పకుండా వాసన చూసి ఏదో చెప్పేది. రాగి పట్టుకున్న అరచేయి ఒక వాసన, ఇనుము పట్టుకున్న అరచేయి ఒక వాసన వేస్తుందనీ, మా నాయన చెయ్యి మాత్రం ఏది పట్టుకున్నా బీడీ వాసనే వేస్తుందనీ అనేది. ఆమె నియమాలు రెండే. ఏ రంగైనా ముందు ఒక్క చిలప ముంచి, ఆరబెట్టి, చూసి, ఆ తర్వాతే మిగతా పట్టు ముంచాలి. ఇది మొదటిది. ఎర్రరంగు రాగి కొప్పెరలోనే పెట్టాలి, ఇనప కొప్పెర పట్టు ఉడకబెట్టడానికే తప్ప రంగు దగ్గరికి రాకూడదు. ఇది రెండోది. మొదటి నియమం చెప్పేటప్పుడు మామూలుగా చెప్పేది. రెండోది చెప్పేటప్పుడు మాత్రం గొంతు పెద్దదయ్యేది. ఎందుకని ఎవరూ అడగలేదు. మా ఇంట్లో ఎందుకని అడిగే అలవాటు నాతోనే మొదలైంది, అదీ అనంతపురంలో బీయెస్సీ చేరాక.

రెండో సంవత్సరంలో పరివర్తన లోహాల పాఠం వచ్చింది. ఆ పాఠం నాకు అత్తరు వాసనలాగా తలకెక్కింది. సెలవులకు ఇంటికి రాగానే, చింతపండులో గింజలు తీస్తున్న జేజి ముందు బాసింపట్టు వేసుకుని అప్పజెప్పాను.

"జేజీ, రాగి, ఇనుము, నికెలు, కోబాల్టు, క్రోమియం, ఇవన్నీ ఒకే కుటుంబం. అన్నీ గట్టివే. బరువు ఎక్కువ. తొందరగా కరగవు. కొడితే సాగుతాయి. వేడి పారుతుంది, కరెంటు పారుతుంది. అన్నీ రంగురంగుల ఉప్పులిస్తాయి."

"ఇస్తాయిలే. మైలుతుత్తం యాడనుంచి వచ్చినాదనుకున్నావు?"

"ఇంకా ఉంది. ఇనుము ఒకసారి రెండు చేతులు చాపుతుంది, ఒకసారి మూడు చేతులు చాపుతుంది. అందుకే నీ అన్నభేది పచ్చగా ఉన్నది తుప్పురంగుకు తిరుగుతుంది."

"మూడు చేతులా!" జేజి గింజ పక్కన పడేసింది. "మీ నాయనకు ఉండే రెండే సరిగ్గా ఆడవు. ఇంకా ఏముండాదే మీ పుస్తకంలో?"

"కొన్ని తాము మారకుండా పక్కనున్నవాటిని తొందరపెట్టి మారుస్తాయి."

"అది నేనే," అంది జేజి.

తుత్తునాగం, అదే జింకు, సంగతి కూడా చెప్పాను. అది వీటి పక్కనే కూర్చుంటుంది గానీ దాని ఉప్పులు తెల్లగానే ఉంటాయి, రంగు ఉండదు, అందుకే చాలామంది దాన్ని ఈ కుటుంబంలో లెక్కపెట్టరు అన్నాను. "మీ చిన్నత్త మొగుడు," అంది జేజి. "ప్రతి ఫోటోలోనూ ఉంటాడు, ఏ పనిలోనూ ఉండడు."

అప్పటికి నాకు ధైర్యం వచ్చింది. "అందుకే చెబుతున్నా. రాగీ ఇనుమూ ఒకే కుటుంబమైతే, ఎర్రరంగు ఏ కొప్పెరలో పెడితే ఏం? నీ నియమానికి ఆధారం లేదు."

జేజి చేతిలో చింతపండు ఆగింది. "నేనూ మా చెల్లెలూ ఒక కడుపునే పుట్టినాము. దాని చేతి పులుసు ఎప్పుడైనా తిన్నావా నువ్వు?" అంది. మళ్ళీ గింజలు తీయసాగింది. నేను ఆ మాటను ఓడిపోయినవాళ్ళ మాటగా తీసుకున్నాను.

ఆ సెలవుల్లోనే సరోజ వచ్చింది. కళ్యాణదుర్గంలో వేరుశనగ వ్యాపారం చేసే కోమట్ల అమ్మాయి. నా ఈడుదే, నాకంటే నెమ్మది. మేనత్త వెంటబెట్టుకొచ్చింది. ఆ మేనత్త మాటలకు ఊపిరి అవసరం లేనట్టుండేది. సరోజ రుమాలు విప్పి అరచేయంత పట్టుగుడ్డ తీసి మా నాయన చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ పెళ్ళిచీర ముక్క. తల్లి పోయినప్పుడు ఆ చీరే కట్టి సాగనంపారట. అంతకు చాలాముందే ఎలుక కొట్టిన చెరగును కత్తిరించి దేవుడి పెట్టెలో దాచడం వల్ల ఈ ముక్క మిగిలింది.

"ఇది మీ ఊరి రంగేనంట. అమ్మ చెప్తాండేదంట," అంది సరోజ. "నా పెళ్ళికి ఇదే రంగు కావాల. దగ్గరగా ఉండేది వద్దు. ఇదే కావాల."

"పెండ్లైన ఇరవై ఏండ్లకు పుట్టిన పిల్ల. తల్లి ముఖం కూడా సరిగ్గా గుర్తు లేదప్పా," అంది మేనత్త. "చీరొకటి గుర్తుండాది. ఇంగ మేమేం చేసేది? నేను నా చీర ఇస్తానంటి, వద్దంటాది."

అది ఎరుపే. కానీ మామూలు ఎరుపు కాదు. లోపల ఎక్కడో నేరేడుపండు దాక్కున్నట్టు, పొద్దు వాలాక గుట్ట మీద మిగిలే వెలుగులాగా ఉండేది. మా నాయన దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి చూశాడు, నీడలో చూశాడు, తడిపి చూశాడు. "చేస్తానమ్మా" అన్నాడు. తర్వాత జేజికి ఇచ్చాడు. ఏ గుడ్డ వచ్చినా జేజి వాసన చూసేది, పంటితో దారం లాగేది, నాలుక కొసకు ఆనించేది. ఈ ముక్కను మాత్రం చేతిలోకి తీసుకుని, వేడి గిన్నె పట్టుకున్నట్టు వెంటనే కింద పెట్టేసింది.

"పాతబడి మాసినాది," అంది. "కొత్తప్పుడు మామూలు లక్క ఎరుపే అయ్యుంటాది."

"లేదవ్వా," అంది సరోజ. "కొత్తప్పటినుంచీ ఇట్లే ఉన్నిందంట. అందురూ అడిగేవాళ్ళంట, ఈ రంగు యాడ పట్టిచ్చినారని."

జేజి లేచి లోపలికి పోయింది. వచ్చినవాళ్ళకు మజ్జిగ ఇవ్వడానికి అనుకున్నాను. మజ్జిగ రాలేదు.

మా నాయన బొంబాయి పొట్లాల రంగులు రకరకాలుగా కలిపి చిలపలు ముంచాడు. ఒకటి ఇటుకలాగా వచ్చింది, ఒకటి వంకాయలాగా. ఒకటి దూరం నుంచి సరిపోయింది. పక్కన ఆ ముక్క పెడితే ముఖం మాడ్చుకుంది. చివరికి జేజిని బతిమాలి పాతకాలం లక్క బయటికి తీయించాడు. చెట్ల కొమ్మల మీద పురుగులు కట్టే లక్క అది. దాన్ని నూరి, నానబెట్టి, చింతపులుసూ పటికా కలిపి కాస్తే పట్టుకు ఎరుపు దిగుతుంది. ఆ పని చేసేవాళ్ళు ఊళ్ళో అప్పటికే లేరు. కొత్త లక్క దొరకదు. జేజి దగ్గర ఒక్క కుండెడు మిగిలి ఉంది. అందులో కొంచెం తీసి రాగి కొప్పెరలో ఒక చిలప ముంచారు. మంచి ఎరుపు వచ్చింది. మరీ మంచి ఎరుపు. కోతి ముఖం లాగా ఎర్రగా నవ్వుతోంది. సరోజ ముక్కలో ఉండే దిగులు దానికి రమ్మన్నా రాదు. పైగా ఆ రోజే రాగి కొప్పెర అడుగున చుక్కచుక్కగా కారడం మొదలైంది. అతుకు వేయించడానికి కంచరి దగ్గరికి పంపారు.

మరుసటిరోజు పొద్దున నాయన తెల్లచొక్కా వేసుకున్నాడు. చెడ్డవార్త చెప్పడానికి పోయేటప్పుడే ఆయన తెల్లచొక్కా వేసేవాడు. "కళ్యాణదుర్గం పోయొస్తా. నా చేత కాలేదని చెప్పాల కదా. ముక్క ఆ పిల్లకు ఇచ్చేస్తా," అన్నాడు. నాయన నోటివెంట "నా చేత కాలేదు" అన్నమాట నేను అంతకుముందు వినలేదు. బస్సుకు పోతూ గుడ్డముక్కను జేబులో పెట్టుకుని, రెండుసార్లు తడిమి చూసుకున్నాడు.

మధ్యాహ్నం తిన్నాక జేజి మంచం మీద కునుకు తీసింది. అమ్మ వంటింట్లో ఉంది. నేను షెడ్డులో కూర్చుని లక్క కుండ వైపు చూశాను. మిగిలిన లక్క ఒక చీరకు సరిగ్గా సరిపోతుంది. రాగి కొప్పెర లేదు. ఇనప కొప్పెర ఉంది. రెండూ ఒకే కుటుంబం. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు పూర్తి మార్కులు వచ్చాయి. నిన్నటి ఎరుపు తేలికగా ఉండడానికి కారణం లక్క తక్కువ కావడమే, చిక్కగా కాస్తే ముదురుతుంది అని తేల్చుకున్నాను. ఒక చిలప ముంచి చూడాలనే జేజి మొదటి నియమం గుర్తొచ్చింది. అది పుస్తకంలో లేదు. కుండంతా కుమ్మరించాను. చింతపులుసు ధారాళంగా పోశాను. చీరకు కావలసిన పట్టంతా, సరోజ వాళ్ళు తెచ్చిచ్చిన పట్టంతా, కర్రలకు తగిలించి ఒక్కసారే దించాను. పొట్టు విసురుతూ పొయ్యి దగ్గర కూర్చున్నాను. ఆ కాసేపట్లో నాలో వినయం లేదని ఒప్పుకోవాలి.

మొదట ఎర్రగానే ఉంది. తర్వాత ఎవరో లోపలినుంచి దీపం తగ్గిస్తున్నట్టు రంగు కిందికి దిగసాగింది. కర్ర ఎత్తితే చిలపలు మందారం నుంచి నేరేడుకు, నేరేడు నుంచి ఇంకా కిందికి పోతున్నాయి. చివరికి నల్లబడిన నెత్తురులాగా అయ్యాయి. అమ్మను కేకేశాను. అమ్మ చేతిలో గరిటెతో వచ్చి కొప్పెరలోకి చూసింది.

"ఇనుములో చింతపులుసు పోసినావా?" అంది. అరవలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది. "ఇనప బాండలిలో పులుసు ఉంచితే నల్లబడతాదని వంటింట్లో నిలబడిన ప్రతి ఆడదానికీ తెలుసు గదమ్మే. బీయెస్సీలో అది చెప్పరా?"

చెప్పరు. అంటే, చెబుతారు. పులుపుకు ఇనుము కరుగుతుందనీ, కరిగిన ఇనుము చేయి కలిపితే రంగు మారుతుందనీ చెబుతారు. అది పులుసు అని చెప్పరు.

ఆ గొడవకు జేజి లేచి వచ్చింది. నేను గోడకు ఆనుకుని, తిట్లకు సిద్ధంగా, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. ఆమె కొప్పెర దగ్గరికి పోయి ఒక చిలప చివర వేళ్ళతో నలిపింది. మూత తీసి చూసిన మనిషికి లోపల ఎప్పుడో పోయిన తన చెప్పే దొరికినట్టుంది ఆమె ముఖం. తర్వాత అక్కడున్న పీట మీద కూర్చుంది.

"తీయి. గట్టిగా పిండు," అంది. "మంచి నీళ్ళలో జాడించు. కడవలో వాననీళ్ళు తీసుకో. నీడలో ఆరేయి, ఎండలో వద్దు."

"అత్తా, అరవవేం?" అంది అమ్మ, కంగారుగా. మా ఇంట్లో జేజి అరవకపోతే భయం వేసేది.

వాననీళ్ళు కడవెడు పోశాం. ఒక చీర రంగు తాగినందుకు ఏళ్ళకొద్దీ ఎగతాళి పడ్డ నేను, ఆ రోజు మూడు చీరల నీళ్ళు ఖర్చుపెట్టాను. జేజి లెక్క అడగలేదు.

సాయంత్రం బస్సుకు నాయన వచ్చాడు. వెనకే సరోజ, మేనత్త. వేరే రంగేదైనా ఎంచుకోమని ఆయన చెబితే, షెడ్డుకే వచ్చి చూసి ఎంచుకుంటామన్నారట. అంటే, పాడైన పట్టును చూడ్డానికి దాని సొంతదారులే వచ్చారు. నేను షెడ్డు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. మేనత్త నన్ను పక్కకు జరిపి లోపలికి పోయింది. దండెం మీద ఆరిన చిలపలు వేలాడుతున్నాయి. ఆరాక రంగు కాస్త తేలిందని తర్వాత తెలిసింది, అప్పుడు నేను కళ్ళెత్తి చూడలేదు.

"ఏమప్పా!" అంది మేనత్త. "చేత కాలేదని చెప్పేకి కళ్యాణదుర్గం దాకా వస్తివి. మరి ఇదేంది?"

నాయన జేబు తడిమి ఆ ముక్క బయటికి తీశాడు. సరోజ ఆయన చేతిలోంచి గుడ్డముక్క తీసుకుని దండెం దగ్గరికి నడిచింది. ఒక చిలపను విప్పార్చి దాని మీద ఆ ముక్క పెట్టింది. ముక్క కనిపించలేదు. పట్టులో కలిసిపోయింది. ఆమె వేలితో దాని అంచు ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది.

మేనత్త మాట కూడా ఆగిపోయింది, ఇది మా షెడ్డు చరిత్రలో రాసుకోవలసిన సంగతి. సరోజ చిలప చివర పట్టుకుని అలాగే నిలబడింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఇంతేనా ఉండేది!" అంది, నవ్వుతూ. "ఇంత మెరస్తాండేదా మాయమ్మ!"

కాసేపటికి తేరుకుని, "ఇది ఎవురు చేసినారు?" అని అడిగింది.

నేను నిజం చెప్పడానికి గొంతు సవరించుకున్నాను. జేజి నాకంటే వేగంగా అందుకుంది.

"మా మనవరాలు. బీయెస్సీ సదువుతాండాది. పుస్తకంలో ఉండాదంట."

నాయన నా వైపు చూశాడు. జేజి వైపు చూశాడు. ఇనప కొప్పెర ఉన్న మూల వైపు కూడా ఒకసారి చూశాడేమో, నేను గమనించలేదు. మంచినీళ్ళు తాగాలని షెడ్డు వెనక్కి పోయి, తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దున, మసకపట్టిన ఇనప కొప్పెరను ఎవరూ చూడకముందే తోమేద్దామని నేను పీచు పట్టుకుని పోయేసరికి, అది అప్పటికే తోమి బోర్లించి ఉంది. జేజే తోమిందనుకున్నాను.

జేజి అసలు సంగతి ఆ మధ్యాహ్నం, వేరుశనక్కాయలు వలుస్తూ చెప్పింది. నాయన మగ్గాలవాళ్ళ దగ్గరికి పోయినప్పుడు చూసి చెప్పింది.

ఆమె కొత్త కోడలుగా ఉన్న రోజుల్లో ఒకసారి రాగి కొప్పెరను ఎవరో పెళ్ళిలో వంటకని అరువుకు పట్టుకుపోయారట. ఆ రోజే ఒక పెళ్ళిచీర పట్టు రంగు పట్టాలి. అత్తగారు ఊళ్ళో లేదు. కొత్త కోడలు ఇనప కొప్పెరలో లక్కా చింతపులుసూ కాచింది. పట్టు నల్లబడింది. అత్తగారు వచ్చేలోపల మగ్గం మనిషి వచ్చి చిలపలు చూసి ఇదేం రంగని అడిగాడు. జేజి తల ఎత్తకుండా, "పొద్దుగూకు ఎరుపు" అంది. అలాంటి పేరు అప్పటిదాకా లోకంలో లేదు.

"వాళ్ళు ఇదెంత బాగుండాదో అన్యారు. పదిమంది అడిగినారు. నాకు ఒళ్ళంతా చెమట. మళ్ళా చేస్తే అత్తకు తెలిసిపోతాదని, అది ఒక్కసారే పడే రంగు, మళ్ళా పడదని చెప్పేస్తిని. అప్పుడు పుట్టినాదే నా రెండో నియమం."

"ఆ చీరే సరోజ వాళ్ళమ్మదా?"

"ముక్క చూడంగానే తెలిసిపాయె. నా తప్పును నేను గుర్తుపట్టలేనా?"

"మరి నాయన అంత కష్టపడుతుంటే చెప్పలేదేం జేజీ? ఆ పిల్ల ఆశపడింది కదా!"

జేజి కాయ ఒకటి గట్టిగా నొక్కింది. "మీ నాయన కళ్యాణదుర్గం పోయినాడు గదా, కునుకు తీసి లేచి నేనే పెడదామనుకుంటి. నువ్వు తొందరపడితివి." అది నిజమో అబద్ధమో నాకు ఈ రోజుకీ తెలియదు. ఆమె ముందురోజు మధ్యాహ్నం రోజూకంటే తక్కువసేపే పడుకుంది, అది మాత్రం నిజం. "మీ నాయనకు చెప్పాకు. మీయమ్మకు నేను చెప్పుకుంటా," అంది. "చిన్నప్పటినుంచీ నా మాట విని ఇనుములో రంగు పెట్టలేదు వాడు. ఇప్పుడు చెప్తే నా ముఖం యాడ పెట్టుకోవాల?"

నేను చెప్పలేదు. మా నాయన మాత్రం ఊరంతా చెప్పాడు. మా మంజుల పుస్తకం చూసి, ఎవరికీ పడని రంగు పట్టిందని టీ అంగట్లో చెప్పాడు, బస్సులో చెప్పాడు, కంచరికి రాగి కొప్పెర తెచ్చుకునేటప్పుడు చెప్పాడు. బీయెస్సీతో చాలనుకున్న చదువు ఎమ్మెస్సీ దాకా పోయింది, ఉద్యోగం దాకా పోయింది. నేను ఎక్కిన ప్రతి మెట్టు కిందా ఒక ఇనప కొప్పెర బోర్లించి ఉంది. పరివర్తన లోహాల సామాన్య లక్షణాలు ఏటేటా బోర్డు మీద రాసేటప్పుడు, ఒకే వరుసలో కూర్చున్నారని అందరూ ఒకటే అనుకోకండమ్మా అని చెప్పేదాన్ని. ఆ వాక్యం ఏ పుస్తకంలో ఉందని ఒక్క పిల్లా అడగలేదు.

ఇప్పుడు మధు పట్టును స్టీలు తొట్లలో ముంచుతున్నాడు. ఇనుమూ, క్రోమియమూ, నికెలూ ఒకే ఇంట్లో కాపురం పెట్టి, ఎవరి మీదా ఎవరికీ కోపం లేకుండా కూర్చున్న లోహం అది. పులుసు పోసినా ఉలకదు, రంగు పోసినా పలకదు. పాతసామాన్ల మనిషి ఊరికే ఉండలేక దానికీ అయస్కాంతం ఆనించాడు. పట్టుకోలేదు. క్రోమియం, కోబాల్టు ఇప్పుడు రంగుపొడిలోనే ముందే కలిసి వస్తున్నాయి. గుడ్డముక్క చూపిస్తే ఏ పొడి ఎంతో చెప్పే యంత్రం వచ్చింది. సరోజ లాంటి పిల్ల వస్తే అరగంటలో పని అయిపోతుంది. ఇది మంచిదే. మా నాయన తెల్లచొక్కా వేసుకోవలసిన అవసరం ఉండేది కాదు. కాకపోతే ఆ యంత్రం ముందు మా జేజికి గానీ నాకు గానీ ఒక తప్పు చేసే వీలు ఉండేది కాదు. మా ఇద్దరి బతుకుల్లో పదిమందికీ చెప్పుకోదగ్గ పని అదొక్కటే.

రాగి కొప్పెర బండి ఎక్కింది. మధు చేతులు దులుపుకున్నాడు. అప్పుడు అడిగాను.

"మధూ, ఈ కొప్పెర గురించి తాత సరిగ్గా ఏమన్నాడు?"

వాడు మొహమాటపడ్డాడు. "అత్తకు చెప్పొద్దనినాడు అత్తా."

"చెప్పొద్దన్నవన్నీ మీ తాత నీకే ఎందుకు చెప్పాడు మరి? చెప్పు."

"'మాయమ్మ తప్పు ఒకటి, మీ యత్త తప్పు ఒకటి దాంట్లోనే ఉడికినాయిరా' అనినాడు. 'ఇద్దురూ నాకు తెలీదనుకున్యారు. ముక్క పట్టులో కలిసిపోయినప్పుడే తెలిసిపాయె. ఇనుము మరక రంగులోడికి తెలీదా? నేనే తోమి బోర్లిస్తి. అమ్మాకు దాన్ని' అనినాడు. ఏం తప్పు అత్తా అది?"

నేను కొప్పెర అంచు తడిమాను. టీ అంగట్లో, బస్సులో, కంచరి దగ్గర, ఊరంతా. తెలిసే చెప్పాడన్నమాట. పచ్చి అబద్ధాన్ని అంత నిజాయితీగా, అన్ని ఏళ్ళు, అంతమందికి చెప్పగలిగిన మనిషి చేతికి బీడీ వాసన తప్ప ఏమీ అంటదని మా జేజి అనేది. లోహాల సంగతి ఆమెకు బాగా తెలుసు. కొడుకు సంగతి అంత తెలియదు.

"ఇంట్లో చింతపండు ఉందా?" అని అడిగాను.

"ఉండాది. ఎందుకు?"

"పిడికెడు తీసుకురా. ఒక చెంబు నీళ్ళు కూడా."

వాడు తెచ్చాడు. నేను కొప్పెరను నిలబెట్టి, నీళ్ళు పోసి, చింతపండు పిసకడం మొదలుపెట్టాను. వాడు లోపలికి తొంగిచూసి, నాకు వయసు మీద పడిందని జాలిపడుతున్నట్టు, మెల్లగా అన్నాడు.

"అత్తా, అది ఇనుము. నల్లబడతాది."

"తెలుసు నాయనా," అన్నాను. "ఇప్పుడు తెలుసు."